విచారణలో ఉన్న బస్సు

1961 ఫిబ్రవరి 6, సోమవారం. హిందూపురం

జనవరిలో ఇన్సూరెన్సు ఏజెంటు ఇచ్చిపోయిన డైరీ ఇది. నెల రోజులు బీరువాలో ఊరికే పడి ఉంది. ఇంట్లో చెప్పుకోలేనివి, ఆఫీసులో అనలేనివి ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కనుక ఈ రోజు బయటికి తీశాను. మొదటి పేజీ కాబట్టి కాస్త పద్ధతిగా రాస్తాను.

నారాయణప్ప సావుకారుకు రెండు బస్సులున్నాయి. ఒకటి సోమందేపల్లి, పెనుకొండ మీదుగా ధర్మవరం పోయి వస్తుంది. రెండోది లేపాక్షికి తిరుగుతుంది. పదకొండేళ్లుగా నేను వాటికి మేనేజరును. మేనేజరు అంటే టికెట్ పుస్తకాలు ఇవ్వడం, డీజిల్ కొనడం, కంపెనీ తరఫున అర్జీలు రాయడం, ధర్మవరం బస్సు తిరిగొచ్చేదాకా ఆఫీసులో కూర్చోవడం. అది రాత్రి ఏడున్నరకు రావాలి. పదికి వస్తుంది, పదకొండుకు వస్తుంది.

ఇప్పుడు ఆ రూటును ప్రభుత్వమే తీసుకుని తన బస్సు నడపాలనుకుంటోందట. ఏప్రిల్‌లో ఒక ఆఫీసరు పెనుకొండలో విచారణ జరుపుతాడట. అభ్యంతరాలున్నవాళ్లు, అనుకూలంగా ఉన్నవాళ్లు అందరూ చెప్పుకోవచ్చునట. సావుకారు ఆ నోటీసు కాగితాన్ని నా ముందు పెట్టాడు. "ఈ రూటు పోతే లేపాక్షి బస్సొకటే మిగుల్తాది. ఒక్క బస్సుకు మేనేజరు యాల?" అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు. తనలో తాను అనుకున్నట్టుంది.

నేను కంపెనీ మనిషిని. నాకు భయమేమీ లేదు.

ఫిబ్రవరి 7

నిద్ర పట్టలేదు. ఫిబ్రవరిలోనే ఇంత ఉక్కపోత ఎప్పుడూ చూడలేదు. మా ఆవిడ జయమ్మ మాత్రం దుప్పటి కప్పుకుని పడుకుంది.

ఫిబ్రవరి 12, ఆదివారం. ధర్మవరం

ఈ రోజు ఇక్కడ బస్సు యజమానుల సంఘం సమావేశం. సావుకారుతో నేనూ వచ్చాను. సంఘం కార్యదర్శి వెంకటరాముడికి ఐదు బస్సులు, ఒక కారు. హైదరాబాదులో ఏ ఆఫీసులో ఏ గుమాస్తా ఎన్ని గంటలకు కాఫీకి లేస్తాడో తెలిసిన మనిషి. రెండు గంటలు మాట్లాడాడు. చాలా నేర్చుకున్నాను.

ఆయన చెప్పినదాని సారం ఇది. ప్రభుత్వం ఒక నిర్ణయం చేస్తుందంటే ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని ఆలోచించి చేస్తారని మనబోటివాళ్లు అనుకుంటాం. అట్లా ఏమీ ఉండదు. బల్ల మీద ఈ పక్క ఒక కట్ట ఉంటుంది, ఆ పక్క ఒక కట్ట ఉంటుంది. "గవర్నమెంటుకు చెవులు లేవప్పా, కండ్లుండాయి. ఎంత అరిచినా వినదు. కాగితమైతే చూస్తాది" అన్నాడు. కాబట్టి మన కట్ట లావుగా ఉండాలి.

పనులు పంచారు. అనంతపురం నుంచి ఒక వకీలు వస్తాడు. వెంకటరాముడు మరో ఇద్దరితో హైదరాబాదు వెళ్లి పెద్దవాళ్లను కలుస్తాడు. పత్రికలో ఒక వార్త వేయించాలి. పంచాయతీల చేత తీర్మానాలు చేయించాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్రైవేటు బస్సే మాకు కావాలని ప్రజలే కోరుతున్నట్టు సంతకాలు సేకరించాలి. మా రూటుకు రెండు వేలు. అది నా పని.

వెనక కూర్చున్న ఒక ముసలి యజమాని లేచి, జనం మనకు సంతకాలు ఎందుకు పెడతారని అడిగాడు. మా బస్సు సంగతి నాకు తెలుసు. నిండితే గానీ కదలదు. కిటికీలకు రేకులు లేవు, వానొస్తే లోపల గొడుగులు తెరుస్తారు. మిగతావాళ్ల బస్సులు మాకంటే మేలేం కాదు.

విచారణ అయ్యేదాకా బస్సులు బాగా నడపాలని వెంకటరాముడు తేల్చాడు. రెండు నెలలు ఓర్చుకుంటే చాలన్నాడు. అందరూ బరువుగా తలలూపారు.

ఫిబ్రవరి 16

కొత్త పద్ధతి మొదటి రోజు. సరిగ్గా ఏడు గంటలకు బస్సు కదిలింది. తొమ్మిది మంది ఎక్కారు. ఏడూ నలభైకి ముప్పై మంది ఆఫీసు మీదికి వచ్చారు. పదకొండేళ్లలో ఇంత గొడవ నేను చూడలేదు. బస్సు టైముకు పోయిందని వాళ్ల ఫిర్యాదు. బోర్డు మీద ఏడు అనే రాసి ఉందని చూపించాను. బోర్డును ఎవరు నమ్ముతారని ఒక పెద్దమనిషి అడిగాడు.

కండక్టరు సుంకన్నకు మర్యాదగా మాట్లాడమని చెప్పాను. ప్రయాణికులను అప్పా, అమ్మా అనాలి, ఇదివరకు అనేవి అనకూడదు. పాపం, అవి కొట్టేస్తే అతని దగ్గర టికెట్ ధర, ఊరి పేరు తప్ప మాటలు మిగల్లేదు. రోజంతా మూగనోము పట్టినవాడిలా తిరిగాడట. సోమందేపల్లిలో ఒకామె అతనికి ఒంట్లో బాగాలేదని కషాయం ఇచ్చిందట.

ఫిబ్రవరి 20

అర్జీ పూర్తయింది. "మేము దిగువ సంతకములు చేసిన హిందూపురం, పెనుకొండ తాలూకాల ప్రయాణికులము మిక్కిలి వినయముతో విన్నవించుకొనునది ఏమనగా, శ్రీ నారాయణప్పగారి బస్సు మాకు కన్నతల్లి వలె" అని మొదలుపెట్టాను. సావుకారు రెండుసార్లు చదివించుకున్నాడు. రెండోసారి కళ్లు తుడుచుకున్నాడు. ఆ బస్సులో ఆయన ఎప్పుడూ ఎక్కలేదు.

ఫిబ్రవరి 27

సంతకాలు తేలికగా రావడం లేదు. జనం పెట్టనని అనడం లేదు. "పెడతాం గానీ" అంటున్నారు. ఆ "గానీ" దగ్గరే నా పని పెరుగుతోంది.

సోమందేపల్లిలో మంత్రసాని బస్సు తన వీధి చివర ఆగితే పెడతానంది. ఆపిస్తానన్నాను. ధర్మవరంలో చేనేతవాళ్లు పట్టుచీరల మూటలను బస్సు మీదినుంచి కిందికి విసరడం మానాలని, పైన టార్పాలిన్ కప్పాలని అన్నారు. ఒప్పుకున్నాను. పెనుకొండ కోర్టు గుమాస్తాలకు కిటికీల రేకులు కావాలట. రేకులు వేయిస్తే నలభై సంతకాలు ఒకేసారి ఇస్తారట.

సోమందేపల్లి నుంచి పెనుకొండకు రోజూ పూలగంపతో పోయే తిప్పమ్మ అనే అవ్వ ఉంది. గంపను కాళ్ల దగ్గర పెట్టుకోనిస్తే వేలిముద్ర వేస్తానంది. ఎనిమిది గంటలకల్లా బస్సు వస్తే మల్లెలు మొగ్గలుగా చేరతాయట. పదికి వస్తే వాడిపోయి, ఇంటికి తెచ్చుకుని తానే పెట్టుకోవాలట. "ఈ తలకు గంపెడు పూలు యాడ పెట్టుకోనప్పా?" అని నెరిసిన జుట్టు చూపించింది.

అన్నీ ఒప్పుకున్నాను. సావుకారు కూడా ఒప్పుకున్నాడు. ఏప్రిల్ దాకానే కదా.

మార్చి 5

పత్రికలో వార్త వచ్చింది. నేనే రాసి పంపాను. "హిందూపురం ప్రయాణికుల హర్షం". కింద "మా విలేఖరి" అని వేశారు.

మార్చి 9

ఎనిమిదికి ఇంటికి వచ్చాను. నిన్న కూడా. మొన్న కూడా. బస్సు టైముకొస్తే లెక్క చూసుకుని రావడమే. ఇంట్లో ఈ వేళలో ఏం చేయాలో తోచడం లేదు. పాపకు అక్షరాలు దిద్దించాను.

మార్చి 14

ఎదుటి పక్షం బయటపడింది. ఆదినారాయణ మేష్టరు ప్రయాణికుల సంఘం పెట్టాడు. ఆయన సోమందేపల్లిలో పనిచేసి రిటైరయ్యాడు. మా బస్సు ఆలస్యం వల్ల ధర్మవరంలో రైలు మూడుసార్లు తప్పిపోయిందట. మూడోసారి సొంత తమ్ముడి గృహప్రవేశం. అది మరిచిపోలేదు. ప్రభుత్వ బస్సే కావాలని ఆయనా ఊరూరా తిరిగి సంతకాలు తీసుకుంటున్నాడు.

మా బస్సులోనే తిరుగుతున్నాడు. టికెట్ ఇవ్వక తప్పదు. సుంకన్న ఆయనకు కూడా అప్పా అంటున్నాడు.

మార్చి 16

సంతకాలు పద్దెనిమిది వందలకు చేరుతున్నాయి. నా అర్జీలో బలముంది. ప్రజలు సత్యాన్ని గుర్తిస్తారు.

మార్చి 19, ఆదివారం

ఈ రోజు జరిగినది పూర్తిగా రాయాలి.

మేష్టరు దగ్గర ఎన్ని సంతకాలున్నాయో తెలుసుకోమని సావుకారు పంపాడు. దొంగచాటుగా తెలుసుకోమన్నాడు. నాకు అట్లాంటివి చేతకావు. నేరుగా ఆయన ఇంటికి వెళ్లి అడిగాను. ఆయన నవ్వి, మజ్జిగ ఇప్పించి, కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. పద్దెనిమిది వందల చిల్లర. నా దగ్గరా అంతే ఉన్నాయని చెప్పాను. రెండు కట్టలూ కలిపితే, రెండు తాలూకాల్లో బస్సెక్కేవాళ్లు అంతమంది లేరే అన్నాడు ఆయన.

నా సంచిలో నా కట్ట ఉంది. తీశాను. ఇద్దరం చాప మీద పక్కపక్కన పరుచుకుని చూడడం మొదలుపెట్టాం. ఆయన ఒక పేరు చదివితే నా దాంట్లో ఉంది. నేను ఒకటి చదివితే ఆయన దాంట్లో ఉంది. మంత్రసాని ఉంది. కోర్టు గుమాస్తాలు నలభై మందీ ఉన్నారు, అదే వరసలో. తిప్పమ్మ వేలిముద్ర రెండింట్లోనూ ఉంది. మా దాంట్లో కాస్త మసిగా పడింది, ఆయన దాంట్లో గీతలతో సహా శుభ్రంగా పడింది.

గంటసేపు అట్లాగే కూర్చున్నాం. మేష్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తన దగ్గర చదువుకున్న పిల్లలు కూడా ఇట్లా చేశారని ఆయన బాధ. నాకూ ఏదోలా ఉంది. ఇంతకాలం విరోధులమనుకున్న మేమిద్దరమే ఊరు మొత్తంలో ఏదో ఒక్క కాగితానికే కట్టుబడి ఉన్నవాళ్లం.

లేచేముందు ఇంకొక పేజీ తిప్పాను. హిందూపురం పేర్లు. పదిహేడో నంబరు: చె. జయమ్మ. ఆ "మ్మ" కింద వత్తును అంత పొడుగ్గా లాగేది మా ఇంట్లోనే.

మేష్టరు చూడనట్టు మజ్జిగ గ్లాసు లోపలికి తీసుకుపోయాడు. మంచి మనిషి.

మార్చి 20

జయమ్మను అడగలేదు. అడగాల్సిన అవసరం ఏముంది. ఎవరి అభిప్రాయం వాళ్లది.

మార్చి 21

అడిగాను. బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"మేష్టరు కాగితంలో పెట్టినాను. నీ కాగితంలో గూడా పెడతా, తే. బస్సు ఎవరిదైతే నాకేమి? ఎవురో వచ్చి విచారిస్తారని భయం ఉండాది గాబట్టి నువ్వు ఎనిమిదికి ఇంటికొస్తాండావు. పాప నిద్రపోకముందే నాయన మొగం చూస్తాండాది. భయం రెండు పక్కలా ఉండాల గదా, అందుకే పెట్టినా."

నా ఉద్యోగం సంగతి ఏమిటని అడిగాను. అది కూడా ఆలోచించే నా కాగితంలోనూ పెడతానన్నానని చెప్పింది.

కాగితం ఇచ్చాను. పెట్టింది.

మార్చి 22

సావుకారుకు రెండు కట్టల సంగతి చెప్పాలి. ఒకే పేర్లని తెలిస్తే మా కట్టకు విలువ లేదు. రేపు చెబుతాను.

మార్చి 25

ఈ రోజు సావుకారు మంచి ఉత్సాహంతో ఉన్నాడు. చెడగొట్టడం ఎందుకు. సోమవారం చెబుతాను.

మార్చి 27

సోమవారం.

ఏప్రిల్ 10

వెంకటరాముడు హైదరాబాదు నుంచి వచ్చాడు. పెద్దవాళ్లు సానుకూలంగా విన్నారట. ఎంత సానుకూలంగా అని సావుకారు అడిగాడు. ఇద్దరు తలూపారు, ఒకరు కాఫీ ఇచ్చారని చెప్పాడు. ప్రభుత్వ బస్సు కావాలనే కార్మిక సంఘం వాళ్లు కూడా అదే రోజు అదే వరండాలో ఉన్నారట. వాళ్లకూ కాఫీ ఇచ్చారట. ఆ ముక్క వెంకటరాముడు చెప్పలేదు, ఆయన కారు డ్రైవరు మా సుంకన్నతో అన్నాడు.

ఏప్రిల్ 18, మంగళవారం. పెనుకొండ

విచారణ అయిపోయింది.

తాలూకా ఆఫీసు హాలు నిండిపోయింది. ఒక పక్క యజమానులు, వకీలు, నేను. ఇంకో పక్క మేష్టరు, ఆయన సంఘం వాళ్లు పదిమంది. ఆఫీసరు కోస్తావైపు మనిషి, యాభై దాటి ఉంటాయి, మెత్తగా మాట్లాడతాడు. రాగానే మా వెంకటరాముడు ఒక దండ వేశాడు. మేష్టరు ఇంకొకటి వేశాడు. రెండూ ఒకే కట్టుబడి. రెండూ తిప్పమ్మ దగ్గర కొన్నవే. ఆమె గుమ్మం దగ్గర ఖాళీ గంపతో నిలబడి చూస్తోంది.

వకీలు గంటసేపు చెప్పాడు. ప్రభుత్వం వ్యాపారం చేయకూడదన్నాడు. పదకొండేళ్లుగా నారాయణప్ప చేసిన త్యాగం గురించి చెప్పాడు. సావుకారు తల దించుకుని విన్నాడు, తనకూ ఇప్పుడే తెలిసినట్టు. తరువాత మేష్టరు లేచి మూడు రైళ్ల కథ చెప్పాడు. బాగా చెప్పాడు. మా వైపువాళ్లు కూడా అయ్యో అన్నారు.

అప్పుడు ఆఫీసరు రెండు కట్టలూ ముందు పెట్టుకుని తిప్పసాగాడు. ఈ పేజీ, ఆ పేజీ. ఈ పేజీ, ఆ పేజీ. నేను సావుకారు వైపు చూడలేదు. ఆఫీసరు చాలాసేపటికి తలెత్తి, తిప్పమ్మ అంటే ఎవరని అడిగాడు.

ఆమె గంప కింద పెట్టి ముందుకు వచ్చింది. నేను ఆ క్షణంలో లేపాక్షి బస్సు గురించి, ఒక్క బస్సుకు మేనేజరు ఎందుకన్న మాట గురించి ఆలోచిస్తున్నాను.

"ఈ రెండింట్లోనూ నీ వేలిముద్రే ఉంది. ఏది నిజమమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"రెండూ నిజమే సామీ. వేలు ఒకటే గదా."

హాలులో నవ్వారు. ఆయన నవ్వలేదు. గవర్నమెంటు బస్సు కావాలా, నారాయణప్ప బస్సు కావాలా, ఒకటి చెప్పమన్నాడు.

"నాకు ఎనిమిదికి వచ్చే బస్సు కావాల సామీ. ఈ రెండు నెల్లూ వస్తాండాది. ముందర యాడ వస్తా ఉండె? మీరు విచారణకు వస్తారని తెలిసినాక వస్తాండాది. ఈ పొద్దు మీరు నారాయణప్పకే అని రాసిచ్చిపోతే ఆయప్పకు భయం పోతాది. గవర్నమెంటుకే అని రాస్తే వాళ్లకు భయపడేదానికి ఎవురుండారు?"

"అయితే నన్నేం చేయమంటావు?"

"తేల్చొద్దండి సామీ. ఇట్లే పెట్టి, అప్పుడప్పుడు వస్తా ఉండండి. దండ నేనే ఇస్తా."

ఆఫీసరు కలం మూసి, కిటికీ బయటికి చూశాడు. మా వకీలు ఏదో చట్టం నంబరు చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. ఈ కట్టల్లో రెండు పక్షాలకూ సంతకం పెట్టినవాళ్లు ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. మొదట కోర్టు గుమాస్తా ఒకడు చెయ్యెత్తాడు. తరువాత చేనేతవాళ్లు. తరువాత గుమ్మం బయట నిలబడ్డవాళ్లు. సుంకన్న కూడా ఎత్తాడు. అతను ఏ పేజీలో ఉన్నాడో నేను చూడనేలేదు.

నా చెయ్యి నా ఒళ్లోనే ఉంది. ఇంట్లో ఒకరు పెట్టారు కాబట్టి నాకు అవసరం లేదు.

తీర్పు ఇట్లా వచ్చింది. మరింత సమాచారం అవసరమైనందువల్ల విచారణ వాయిదా. తిరిగి ఎప్పుడో తెలియజేస్తారు.

ఏప్రిల్ 20

అందరూ గెలిచారు. సావుకారు ఆఫీసులో మైసూర్‌పాకు పంచాడు. వాయిదా తన హైదరాబాదు యాత్ర ఫలితమని వెంకటరాముడు మూడు ఊళ్లలో చెప్పుకున్నాడు. ప్రైవేటు దోపిడీకి ఇది మొదటి దెబ్బ అని మేష్టరు ఒక కరపత్రం వేశాడు. దాన్ని సరిచూసి పెట్టమని నా దగ్గరికే పంపాడు. రెండు అచ్చుతప్పులు దిద్దాను. భాష వేరు, పక్షం వేరు.

సావుకారు నన్ను లోపలికి పిలిచి, కట్టల సంగతి ముందే తెలుసా అని అడిగాడు. అనుమానం ఉండేదని చెప్పాను. ఆయన ఇంకొక మైసూర్‌పాకు తీసి ఇచ్చాడు. అది క్షమించడమో, తెలివిని మెచ్చుకోవడమో అర్థం కాలేదు. తిన్నాను.

మే 9

పెళ్లిళ్ల కాలం. ధర్మవరం బస్సును సావుకారు నిన్న మడకశిర వైపు ఒక పెళ్లివారికి అద్దెకు పంపాడు. ఈ రోజు ఇంకొకరికి. రూటులో బస్సు లేదు. విచారణ ఎట్లాగూ వాయిదా పడింది కదా అన్నాడు. అది న్యాయమే. బస్సు ఆయనది.

మే 10

సుంకన్న చెప్పాడు. పెళ్లి బస్సు నిన్న పొద్దున సోమందేపల్లి మీదుగానే పోయిందట. తిప్పమ్మ ఎనిమిదికి గంప ఎత్తుకుని చెయ్యి చూపిందట. ఆపలేదు. రెండోసారి తిరిగొచ్చేటప్పటికి పదకొండు. అప్పుడూ రోడ్డు పక్కనే ఉందట. పూలన్నీ గొర్రెలకు పోసిందట. అవి కూడా తినలేదట. ఇది చెబుతూ సుంకన్న పాత మాటలు రెండు వాడాడు. చాలా రోజుల తరువాత విన్నాను.

నాకు సంబంధం లేదు. నేను కంపెనీ మనిషిని.

మే 11

పదకొండున్నరకు ఇల్లు చేరాను. పాప నిద్రపోయింది.

మే 12

పోస్టుకార్డు కొన్నాను. ధర్మవరంలో మామగారికి క్షేమసమాచారం రాయాలి.

మే 13

కార్డు డబ్బాలో వేశాను. ఎడమచేత్తో రాయడం ఇంత కష్టమని తెలియదు. మామగారికి తరువాత రాస్తాను.

మే 31

ఆఫీసరు నుంచి సావుకారుకు ఉత్తరం వచ్చింది. ఆకాశరామన్న పేరుతో తమకొక కార్డు అందినదనియు, బస్సు పెళ్లిళ్లకు తిరుగుచున్నట్లు అందులో తెలిపినారనియు, కావున జూన్ నెలలో ఏదో ఒక దినమున ముందుగా తెలుపకుండ తామే స్వయముగా బస్సులో ప్రయాణించి విచారింతుమనియు రాశారు.

సావుకారు ముఖం మాడిపోయింది. ఆ ఆకాశరామన్న ఎవరో కనిపెట్టమన్నాడు. ప్రయత్నిస్తానన్నాను. పెళ్లివాళ్ల బయానాలు రెండు తిరిగి ఇచ్చేశాం. రేపటి నుంచి ఏడింటికే బస్సు.

జయమ్మ అడిగింది, మా నాయనకు రాస్తానంటివే, ఆ కార్డు చేరిందా అని. చేరాల్సినచోటికి చేరిందన్నాను. పప్పులో నెయ్యి ఎక్కువ వేసింది.

జూన్ 8

ఆఫీసరు ఏ రోజు ఎక్కుతాడో తెలియదు కనుక, కళ్లద్దాలు పెట్టుకున్న కొత్త మనిషి ఎవరు ఎక్కినా ముందు సీటు ఇవ్వమని సావుకారు ఉత్తర్వు. మొన్న ఒకాయనకు సీటిచ్చి, పెనుకొండలో సోడా తాగించి, సుంకన్న సంచి మోశాడు. వేరుశెనగ విత్తనాల వ్యాపారి అట. ఈ రోజు మళ్లీ వచ్చాడు, తన బావమరిదిని కూడా తీసుకుని. అతనికీ కళ్లద్దాలున్నాయి.

జూన్ 15

ఆకాశరామన్న గురించి సావుకారు మళ్లీ అడిగాడు. చదువుకున్నవాడే రాసి ఉంటాడు, భాష బాగుంది అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది, ఆ కార్డును ఇక్కడ మేమెవరం చూడనేలేదు.

జూన్ 25, ఆదివారం

ఆఫీసరు ఇంతవరకు రాలేదు. వచ్చి వెళ్లాడేమో కూడా తెలియదు. ఎవరికీ తెలియదు కాబట్టి బస్సు టైముకు నడుస్తోంది. తిప్పమ్మ గంప డ్రైవరు పక్కకు మారిందట. అక్కడ గాలి తగులుతుందట.

ఈ రోజు సాయంత్రం లేపాక్షి నుంచి నలుగురు ఆఫీసుకు వచ్చారు. అందరికంటే పెద్దామె గంగులమ్మ, పంచాయతీలో మెంబరు. మిగతా ముగ్గురు రైతులు. సావుకారు లేని వేళ చూసుకునే వచ్చారు. బెంచీ మీద కూర్చుని చాలాసేపు వానల గురించి మాట్లాడారు. చివరికి గంగులమ్మ విషయానికి వచ్చింది. లేపాక్షి బస్సు పొద్దున తొమ్మిదికి రావాల్సింది, మధ్యాహ్నం వస్తోంది. కొన్ని రోజులు రావడమే లేదు. ధర్మవరం రూటుకు విచారణ పడిందని, అందుకే బాగుపడిందని విన్నారట.

"మా రూటుకు గూడా ఒక విచారణ కావల్లప్పా. యాడికి రాయాల? ఎట్ల రాయాల?"

నేను ఈ కంపెనీకి మేనేజరునని ఆమెకు గుర్తు చేశాను. తెలుసునంది. తెలిసే వచ్చామంది. పదకొండేళ్లుగా ఈ సావుకారు జీతం తింటున్నవాడిని, నన్ను ఇట్లా అడగడం ధర్మం కాదని చెప్పాను. నలుగురూ తల ఊపారు. ఎవరూ లేవలేదు.

కాసేపు గడియారం చూశాను. తరువాత వీధి వైపు కిటికీ మూశాను. తెల్లకాగితాల దస్తా తీసి బల్ల మీద పెట్టాను.

"ఒక అర్జీ చాలదు" అని చెప్పాను. "రెండు కావాల. గవర్నమెంటు బస్సు కావాలని ఒకటి, నారాయణప్ప బస్సే కావాలని ఒకటి. అందరూ రెండిట్లోనూ పెట్టండి."

గంగులమ్మ వేళ్లు చూసుకుంది. ఏ అర్జీ ముందు రాద్దామని అడిగింది. కన్నతల్లి వంటిదని రాసేది ముందు రాద్దామన్నాను. అది నాకు నోటికి వచ్చు.

జూలై 3

ఈ రోజు విశేషమేమీ లేదు. లేపాక్షి బస్సుకు కొత్త టైర్లు తెప్పించమని సావుకారు పొద్దున్నే చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.